వెలయు వన్నెయు

తక్కువ వెలకు దొరకు ఐషాడో పాలెట్టు అధికమూల్యమైన పాలెట్టుకు దీటు కాగలదా యను ప్రశ్నను అల్పవిషయముగా భావించి త్రోసిపుచ్చువారు కలరు. నాకట్లు తోచదు. నెల జీతములో నింటికి పంపవలసినది పంపి, హాస్టలు బాడుగ కట్టి, మిగిలిన సొమ్ముతో తన ముఖమునకు కొంత వన్నె తెచ్చుకొనగోరి అంగడిలో అద్దాల బీరువా ముందు నిలిచిన యువతికి, మూడు నాలుగు వందల రూపాయల డబ్బాకును, మూడు నాలుగు వేల రూపాయల డబ్బాకును నడుమ నున్న యంతర మెంతటిదో నిజాయతీతో తెలుపువారుండవలెను. వెలనుబట్టి వస్తువును గౌరవించుటయు, వెలనుబట్టియే దానిని తృణీకరించుటయు, రెండును విచారణ లేని పనులే. రంగు నిలువవలసినది రెప్పమీద. దాని యోగ్యతను రెప్పయే తేల్చవలెను.

ముందుగా ఈ పొడులలో నేమున్నదో చూతము. బలపపురాతి జాతికి చెందిన టాల్కు, కాకిబంగారమని మనవారు పిలుచు అభ్రకము, పొడిని పట్టియుంచు స్టియరేటులు, నూనెలు, సిలికోను ద్రవములు వీని దేహము. ఎరుపు, పసుపు, నలుపుల నిచ్చు ఇనుప ఆక్సైడులు, నీలిమ నిచ్చు అల్ట్రామెరైను, తెలుపు నిచ్చు టైటానియం డయాక్సైడు, నాగజెముడు మొక్కలపై బ్రదుకు కోచినీలు పురుగులనుండి తీయు కార్మైను వీని వర్ణములు. అభ్రకపు పలుచని రేకులపై టైటానియం డయాక్సైడును పూతగా పట్టించినచో ముత్యపు మెరుపు పుట్టును. ఆ పూత మందము మారినకొలది మెరుపు వెండిగా, బంగారముగా, ఎరుపుగా, నీలముగా మారును. గూడూరు పరిసరముల గనుల మూలమున నెల్లూరుసీమకు పేరు తెచ్చిన ఖనిజమే ఈ అభ్రకము. ద్రవ్యములు చౌక డబ్బాకును ఖరీదైన డబ్బాకును చాలవరకు నొక్కటియే. భేదమంతయు పాకమున నున్నది: వర్ణకమును ఎంత మెత్తగా నూరిరి, రేణువులకు ఎట్టి పూత నిచ్చిరి, వర్ణకమును, బంధకద్రవ్యమును ఏ పాళ్ళలో కలిపిరి, అచ్చులో ఎంత యొత్తిడితో బిగించిరి యనునవి. బిగింపు మించినచో బ్రష్షునకు రంగు అంటదు. తగ్గినచో పొడి రాలి చెంపలపై పడును.

ఇక వ్యాపారచరిత్ర చూచినచో, వెలకును నాణ్యమునకును గల బంధము మనమనుకొన్నంత గట్టిది కాదని తెలియును. ఫ్రాన్సుదేశపు లోరియాల్ సంస్థ 1964లో లాంకోమ్‌ను, 1996లో మేబెలీన్‌ను, 2012లో అర్బన్ డికేను తన యధీనము చేసికొన్నది. అర్బన్ డికే 2010లో వెలువరించిన ‘నేకెడ్’ పాలెట్టు, గోధుమ, కంచు వన్నెలు ప్రధానముగా 12 రంగులతో, 40 డాలర్లకు పైబడిన వెలకు అమ్ముడుపోయి మిక్కిలి ప్రసిద్ధి గాంచగా, తరువాత మేబెలీన్ ఆ పోలిక వన్నెలతోనే 12 రంగుల ‘ది న్యూడ్స్’ను సుమారు 10 డాలర్లకు తెచ్చినది. అప్పటికి రెండు పేర్లకును యజమాని యొక్కరే. మిలాను నగరమున 1972లో నెలకొన్న ఇంటర్‌కాస్ వంటి సంస్థలు, పేరు పరులదిగా, పని తమదిగా, అనేక బ్రాండ్లకు ఈ సరకు తయారుచేసి యిచ్చుచున్నవి. కావున అధికమూల్యములో కొంత నాణ్యము కలదు, నిజమే. తక్కినది అయస్కాంతపు మూతకును, అద్దమునకును, తారల ప్రకటనలకును, అంగళ్ళ బాడుగకును పోవును. ఆ భాగమేదియు రెప్పమీదికి రాదు.

చౌక పాలెట్టు ఎచ్చట గెలుచును, ఎచ్చట నోడును? మెరుపు నిచ్చు షిమ్మరు రంగులలో అది తరచు గెలుచును. ఏలయన అచ్చట పనిలో సగము అభ్రకమే చేయును, పైగా వేలితో నద్దిన చాలును. మెరుపు లేని మ్యాటు రంగులకు అట్టి చాటు లేదు. లోపమున్న వెంటనే బయటపడును. మన చామనచాయ, నలుపు మేనులపై ఈ పరీక్ష మరింత కఠినము. వెల తగ్గించుటకై వర్ణకమును కుదించి టాల్కు పాలు పెంచినచో, డబ్బాలో ఇటుకరంగుగా కనబడినది రెప్పపై బూడిదవలె తేలును. తెల్లని మేనులను మనసులో నుంచుకొని కల్పించిన ఖరీదైన పాలెట్టులు సైతము ఈ దోషమునకు అతీతములు కావు. మ్యాటు ఊదా, ముదురు నీలము మరింత మొండివి. చౌక తయారీలో అవి మరకలు మరకలుగా నిలుచును.

మా మేనకోడలు తన స్నేహితురాలి పెండ్లికి పోవుచు, ఎడమకంటికి చౌక పాలెట్టును, కుడికంటికి ఖరీదైనదానిని, ఒకే ప్రైమరుపై నాచేత వేయించుకొన్నది. బయలుదేరునపుడు భేదము కానరాలేదు. రాత్రి తిరిగివచ్చునప్పటికి, హోమపు వేడికిని, ఉక్కకును తాళి, రెండు కన్నుల రాగిమెరుపు సమానముగనే నిలిచియున్నది. రెప్ప మడతలోని మ్యాటు గోధుమవన్నె మాత్రము ఎడమకంట చెరగి గీతలుగా చీలినది. “అత్తయ్యా, మెరుపులకి చౌకదే చాలు. మడతలో వేసేది ఒక్కటీ మంచిది కొనుక్కుంటాను” అని ఆమె తానే తేల్చినది. అంతకంటె సమంజసమైన తీర్పు నేనెరుగను.

అంగడిలో వేలికొసతో ముంజేతిపై గీచి చూచుట పరీక్ష కాదు. వేలి జిడ్డు రంగును గట్టిగా పట్టించును. ముంజేతిచర్మము రెప్పవలె క్షణక్షణము ముడుతపడదు. పట్టుచీర కొనువారు దుకాణపు దీపముల క్రింద గాక వాకిటి వెలుతురున కొంగు విప్పి చూచునట్లు, ఐషాడోను పగటివెలుగున, బ్రష్షుతో, రెప్పపైననే చూడవలెను. పొడి ఎంత రాలినది, రెండు రంగులు కలియుచోట మురికిగా మారినదా, సాయంకాలమునకు మడతలో పేరుకొన్నదా యని గమనింపవలెను. రంగుల సంఖ్యకు మురియరాదు. 35 రంగులలో అయిదింటినే వాడునామెకు తక్కినవన్నియు దండుగయే.

చౌక సరకు కంటికి హాని చేయునేమో యను భయము యుక్తమే గాని, వెల యొక్కటియే రక్షణ కాదు, వాడుక పాతదగుటయు రక్షణ కాదు. కూచిపూడి భాగవతులు, నాటకములవారు ముఖమునకు పూసికొనుచు వచ్చిన అరదళము ఆర్సెనికుతో కూడిన ఖనిజము. ప్రాచీనమగుటచేత నది నిరపాయము కాలేదు. నేడు మన దేశపు నిబంధనలు సీసము, ఆర్సెనికు కలిసిన వర్ణకములను సౌందర్యద్రవ్యములలో నిషేధించుచున్నవి. తయారీదారు చిరునామా, బ్యాచి సంఖ్య, ద్రవ్యముల పట్టిక, గడువు తేది ముద్రించి, తన పేరుతో నిలిచి జవాబు చెప్పు చౌక సరకు గౌరవార్హము. ప్రసిద్ధమైన పేరును దొంగిలించి ఫుట్‌పాతుపై అమ్ము నకిలీ డబ్బాలో నేమున్నదో చెప్పువారు లేరు. ఈ రెంటిని ఒకే గాట కట్టుట నిజాయతీగల చిన్న సంస్థలకు చేయు అన్యాయము.

కావున, దీటు అను మాట డబ్బా మొత్తమునకు చెప్పదగినది కాదు. ఒక్కొక్క రంగునకు విడిగా చెప్పవలసినది. రాగి, కంచు, బంగారు మెరుపులందు మంచి చౌక పాలెట్టు ఖరీదైనదానితో సరితూగును. ముదురు మ్యాటు వన్నెలందు అధికముగ పెట్టిన సొమ్మునకు తరచు ఫలము కనబడును. అట్టివి ఒకటి రెండు విడిగా కొనుట పాలెట్టంతయు కొనుటకంటె మేలు. అలంకరణ మనుష్యులు తమ్ము తామాదరించుకొను మార్గములలో నొకటి. దానిపై ధనవంతుల కెంత హక్కు కలదో, నెలజీతపు యువతికిని అంతయే కలదు. తన కష్టార్జితమునకు తగిన రంగు రెప్పపై నిలువవలెనని ఆమె కోరుట అత్యాశ కాదు. వెల తగ్గింపదలచిన తయారీదారులు పెట్టె సొగసును తగ్గింతురు గాక, వర్ణకమును మాత్రము తగ్గింపరాదు.