అనియం మీద లంగరు



హెబ్రీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 19వ వచనం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. నిరీక్షణ ఆత్మకు లంగరులాంటిదని చెప్పాను, బల్ల గుద్ది చెప్పాను. అయితే నిరుడు వర్షాకాలం దాకా నేను లంగరును చేత్తో పట్టుకున్నవాణ్ని కాదు. మనది సాలూరు. లారీల ఊరు. మనకున్న నీళ్లు వేగావతి నీళ్లు. అందులో లంగరు వేసే పనేముంది?

మా ఇంటావిడ పుట్టిల్లు భీమిలి దగ్గర ఒక మత్స్యకార పల్లె. మా బావమరిదికి ఫైబరు బోటు ఉంది. ఒక సోమవారం ఉదయం ఫోన్ చేసి, "బావా, లంగరు బాగానే దిగుతోంది. పైకి లాగాకే కుదురుగా కూర్చోడం లేదు. మీ ఊళ్లో లారీ బాడీలు కట్టేవాళ్లున్నారు కదా, ఒకర్ని తీసుకురా" అన్నాడు. ఇంత చిన్నదానికి అంత దూరం ఎందుకు అనుకున్నాను. అప్పుడు గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. కెరటాల మీద వస్తుంటే, బోటు ముందు భాగాన వదులుగా పడున్న లంగరు ఎగిరి నీళ్లలో పడింది. వెనకే గొలుసు, దాని వెనక తాడు పరుగెత్తాయి. ఆ తాడు చుట్టలో మేనల్లుడి కాలుంది. పక్కనున్నవాడు కత్తితో తాడు కోశాడు గనుక సరిపోయింది. మడమ దగ్గర తోలు లేచిపోయింది. "అక్కకి చెప్పకు బావా" అన్నాడు.

లంగరు పట్టు తప్పితే ఏమవుతుందో మనకు తెలుసు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ దగ్గర లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా, గాలికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద కూర్చుంది. మనలో చాలామంది వెళ్లి ఫోటోలు దిగారు కూడా. కానీ పైకి తీసిన లంగరు కూడా ప్రమాదమేనని నాకు ఎవరూ చెప్పలేదు.

మన సంఘంలో వెల్డింగ్ పని చేసే తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. పడవ ముందు భాగాన్ని వాళ్లు అనియం అంటారు. మన బైబిల్లో, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో, అనివి అని ఉంటుంది. వెనక భాగం అమరం. ఎన్నో ఏళ్లుగా చదువుతున్న మాటలు ఆ ఇసుకలో నిలబడితే గాని నాకు కంటికి కనబడలేదు.

పాత నాలుగు కొక్కేల లంగరు పోయాక, మావాడు పాత సామాన్ల కొట్లో నాగలి కర్రులాంటి లంగరు కొన్నాడు. ఈ రకాన్ని 1933లో జి. ఐ. టేలర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కనిపెట్టాడు. తన పడవకు బరువైన పాత లంగర్లతో విసిగి, తేలికగా ఉండి అడుగు నేలను దున్నుకుంటూ దిగబడేదాన్ని చేశాడు. పట్టు మంచిదే. కానీ కొక్కేల లంగరులా ఎలా పడేస్తే అలా ఉండదు. దానికి ఒక పడక కావాలి.

మన తమ్ముడు టేపు పట్టి కొలిచి మూడు తప్పులు చెప్పాడు. ఒకటి, అనియం మీద బిగించిన రోలరుకు పక్క గోడలు పొట్టిగా ఉన్నాయి, లంగరు కాడ పక్కకు దూకేస్తోంది. రెండు, గొలుసులో మెలి పడి లంగరు తలకిందులుగా పైకొస్తోంది. మూడు, వచ్చాక దాన్ని పట్టి ఉంచడానికి ఏమీ లేదు. లారీ టాపు మీద సరుకైనా తాడు కట్టకుండా పంపించం కదా అన్నాడు.

సాలూరు వచ్చి, షెడ్డులో ఇనప ఛానెలు కోసి, ఎత్తు పలకలు వెల్డింగ్ చేసి, మధ్యలో గాడి ఉన్న నైలాను రోలరు పెట్టి, కాడకు అడ్డంగా పిన్ను దూరేలా బెజ్జం వేశాడు. తీసుకెళ్లి బిగిస్తే లంగరు మొన బోటుకే కొట్టుకుంది. నాలుగు వేళ్ల పొడవు తక్కువైంది. విప్పుకుని మళ్లీ సాలూరు వచ్చాం.

రెండోసారి తయారయ్యేసరికి రాత్రయింది. ఆ వేళకు విజయనగరం వైపు వెళ్తున్న లారీ ఒకటే ఉంది. దాని డ్రైవరు మన సంఘపు బిడ్డే. రెండేళ్లుగా మందిరానికి రావడం లేదు. నేను ఎక్కాలా వద్దా అని నిలబడ్డాను. ఆయనే తలుపు తీశాడు.

గజపతినగరం దాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. మొన్న రాత్రి సుంకి ఘాటు ఎక్కుతుంటే మలుపులో రోడ్డు మధ్య పెద్ద రాయి ఉందట. ముందు ఎవరో బండి ఆగినప్పుడు చక్రం వెనక పెట్టుకుని, బయలుదేరేటప్పుడు తీయకుండా వెళ్లిపోయారు. "రాయి పెట్టడం తప్పు కాదయ్యగారూ. అది లేకపోతే బండి వెనక్కి పోద్ది. పనయ్యాక తీయకపోడమే తప్పు. వెనకొచ్చేవాడు చస్తాడు" అన్నాడు.

ఆయన లారీ సంగతే చెప్పాడు. నేను మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాను.

ఒకప్పుడు ఆయన తాగి బండి నడిపేవాడు. నేను ఇంటికి వెళ్లి గట్టిగా గద్దించాను. అది అవసరమే, ఆ రోజు లంగరు వేయాల్సిందే. ఆయన మానేశాడు. నేనే మానలేదు. పేరు చెప్పకుండానే ప్రసంగంలో చెప్పాను, ఉపవాస కూటంలో చెప్పాను, వాళ్ల చెల్లి పెళ్లి ప్రార్థనలో కూడా ఆ సాక్ష్యం ఎత్తాను. ఊరు చిన్నది, పేరు చెప్పనక్కర్లేదు. పౌలు ఎక్కిన ఓడలో నావికులు అనివిలోనుంచి లంగర్లు వేస్తున్నట్టు నటించి, చిన్న పడవ దింపుకుని పారిపోవాలని చూశారు. లంగరు పేరు చెప్పి తమ పని చూసుకున్నారు. నేను హెచ్చరిక పేరు చెప్పి నా ప్రసంగానికి బలం తెచ్చుకున్నాను.

ఆ రాత్రి ఆయనతో ఏమీ అనలేకపోయాను. విజయనగరంలో దిగి, "వందనాలు బాబూ" అని మాత్రం అన్నాను.

మర్నాడు భీమిలిలో బిగించాక సముద్రంలోకి వెళ్లాం. లంగరు వేసి మళ్లీ ఎత్తాం. నేను ఉత్సాహంగా లాగేస్తుంటే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. "తొందరెందుకు బావా? నీటి మట్టానికి రాగానే ఆపు. బోటు కాస్త వెనక్కి నడిపిస్తాను, నీళ్లే దాన్ని తిప్పుతాయి." అలాగే ఆపాను. తలకిందులుగా ఉన్న లంగరు నీళ్లలో నెమ్మదిగా తిరిగింది. అప్పుడు లాగితే గాడిలోకి వచ్చి, ఠక్కుమని కూర్చుంది. పిన్ను వేశాడు, పైన తాడు కట్టాడు. మేనల్లుడు అనియం మీద కాలు పెట్టి అటూ ఇటూ తన్ని చూశాడు. కదల్లేదు.

ప్రియులారా, గద్దింపు మాట కూడా అంతే. దాన్ని వేయడం చాలామందికి వచ్చు. పనయ్యాక పైకి తీసి, తిరగాల్సినంత సేపు ఆగి, దాని చోట పెట్టి పిన్ను వేయడమే మనకు రాదు. భార్య ఎప్పుడో చేసిన పొరపాటు, కొడుకు తప్పిన పరీక్ష, అన్నదమ్ముల పొలం గొడవ, ఇవన్నీ మన ఇళ్లలో అనియం మీద వదులుగా పడున్న లంగర్లే. వాటి తాడు చుట్టలో ఎప్పుడూ మనవాళ్ల కాలే ఉంటుంది.

వారం తర్వాత షెడ్డుకు వెళ్లి ఆ సహోదరుణ్ని క్షమాపణ అడిగాను. బండి కింద గ్రీజు పెడుతున్నాడు, లేవలేదు. కాసేపటికి, "ఆదివారం లోడు లేకపోతే చూస్తానయ్యగారూ" అన్నాడు. ఇంకా రాలేదు. వాళ్లమ్మ మాత్రం వచ్చి ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది.

ఈ సంగతి రాస్తానని ఆయనకు ముందే చెప్పాను. "ఇదే ఆఖరుసారి అయితే రాయండి" అన్నాడు.

ఇదే ఆఖరుసారి.

ప్రార్థన: ప్రభువా, మా నోటి మాటను దించాల్సిన వేళ దించే ధైర్యాన్ని, ఎత్తి పెట్టాల్సిన వేళ ఎత్తి పెట్టే ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.