రెండో చరణం

సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఓయూ క్యాంపస్ నుంచి తార్నాక బస్టాపుకి కుర్రకారు గుంపులుగా వచ్చేది. సరిగ్గా ఆ టైముకే నాన్న కొట్టు ముందున్న స్పీకర్‌ని రోడ్డువైపు తిప్పేవారు. కొత్త సినిమా పాట పెట్టేవారు. పల్లవి అయ్యేది. మొదటి చరణం అయ్యేది. అంతే... టక్‌మని ఆపేసేవారు!

మిగతా పాట కావాలంటే కొట్లోకి రావాల్సిందే.

తొంభైల చివరి మాట ఇది. మాది క్యాసెట్లు రికార్డు చేసిచ్చే చిన్న కొట్టు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పాటల చిట్టీ రాసిచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌కి పన్నెండు పాటలు. ఆ చిట్టీ చూసి ఎవరు ప్రేమలో పడ్డారో, ఎవరికి చెడిందో నాన్న ఇట్టే చెప్పేసేవారు. అలా రికార్డు చేసివ్వడం ఆడియో కంపెనీల సొమ్ముకి గండికొట్టడమేనని ఆయనకీ తెలుసు. ఆ మాటెత్తితే మాత్రం నవ్వి ఊరుకునేవారు.

తర్వాతెప్పుడో జర్నలిజం డిప్లొమా క్లాసులో ‘గెరిల్లా మార్కెటింగ్’ అనే మాట విన్నాను. జే కాన్రాడ్ లెవిన్‌సన్ అనే అమెరికన్ 1984లో ఆ పేరుతో పుస్తకమే రాశాడు. డబ్బు తక్కువ, తెలివి ఎక్కువ... స్థూలంగా అదీ సూత్రం. ఇంటికెళ్లి నాన్నకి చెబితే ‘దానికో పేరు కూడా ఉందా!’ అన్నారు.

అప్పటికే కొట్టు మూతపడి ఏళ్లయింది. ఒక్క సీడీలో వందకుపైగా ఎంపీ3 పాటలు పట్టే రోజులొచ్చాక పన్నెండు పాటల కోసం ఎవరొస్తారు? మీకో నిజం చెప్పాలి. ఫుట్‌పాత్ మీద అలాంటి సీడీ ఒకటి నేనూ కొన్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నాన్నకి కనపడకుండా పుస్తకాల మధ్య దాచాను. ఆ ఏడాదే షట్టర్ దించేశారు. నా ఒక్క సీడీ వల్ల కాదని తెలుసు. అయినా మనసులో ముల్లులా అలాగే ఉండిపోయింది.

పాత పాటకి ఇప్పుడు మళ్లీ గిరాకీ వచ్చింది. పాత హిందీ పాటలు 5,000 నింపి, రేడియోలాంటి పెట్టెలో ‘కార్వాన్’ పేరుతో సరిగమ సంస్థ 2017లో అమ్మకానికి పెట్టింది. అమ్మానాన్నలకి కానుకగా పిల్లలు ఎగబడి కొన్నారు. కేట్ బుష్ 1985లో పాడిన పాట 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ పుణ్యమా అని బ్రిటన్‌లో నంబర్‌వన్ అయింది. అదే ఏడాది ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ మళ్లీ థియేటర్లకొచ్చాక మన దగ్గరా రీరిలీజుల జాతర మొదలైంది.

2023 మార్చిలో ‘ఆరెంజ్’ వంతు. 2010లో సినిమా ఆడలేదు గానీ హారిస్ జయరాజ్ పాటలు మాత్రం జనం నోట ఉండిపోయాయి. ఆ వారం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పిల్లలు టికెట్ల గురించే మాట్లాడుకుంటున్నారు. లెక్కేసి చూస్తే సినిమా వచ్చినప్పుడు వాళ్లు రెండో క్లాసు! తమది కాని జ్ఞాపకానికి కూడా ఇంత ఆరాటమా అనిపించింది. అన్నయ్య ఫోన్లోనో అక్క ఫోన్లోనో విన్న పాటలు మరి.

నాన్నని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి తీసుకెళ్లాను. పాట మొదలవగానే హాలంతా లేచి నిలబడింది. స్పీకర్లలో గొంతు వినపడనంతగా అందరూ పాడేస్తున్నారు. చేతుల్లో ఫోన్లు. ఆ వీడియోలే తర్వాతి షోకి పోస్టర్లు. పైసా ఖర్చు లేని ప్రచారం.

‘స్పీకర్ ఎటు తిప్పాలో తెలిసినవాడెవడో ఉన్నాడమ్మా’ అన్నారు నాన్న. కాసేపాగి, ‘కానీ చిట్టీ రాసేవాడే లేడు’ అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు తార్నాకలో దిగాం. మా కొట్టున్న చోట మొబైల్ కవర్లు వేలాడుతున్నాయి. అక్కడ నిలబడి సీడీ సంగతి చెప్పేశాను... ఇరవై ఏళ్ల తర్వాత.

‘తెలుసులేమ్మా. నువ్వు స్కూలుకెళ్లాక నేనూ విన్నాను’ అన్నారు.

‘మరి ఏమనలేదే?’

‘పాట బాగుంది. రెండో చరణం దాకా విన్నాను’ అంటూ నవ్వేశారు నాన్న.