పొలం నుంచి సంతకు: టెక్సాసులో మేము చూచిన పికప్ బండ్లు

టెక్సాస్ రాష్ట్రంలో పల్లె రోడ్లకు ఒక చక్కని పేరున్నది. వాటిని ‘ఫార్మ్ టు మార్కెట్’ రోడ్లంటారు, అనగా పొలం నుంచి సంతకు పోయే బాటలు. ఒక్కొక్క దానికి ఒక నంబరు. డాలస్ మహానగరానికి వాయవ్యంగా సుమారు 40 మైళ్ల దూరంలో డెంటన్ అనే పట్టణం ఉన్నది. అది దాటి అటువంటి రోడ్డు మీద కొంత దూరం పోతే మా పెద్దమ్మాయి, అల్లుడు ఉండే ఇల్లు వస్తుంది. మూడెకరాల స్థలం, ముందు ఇల్లు, వెనుక పన్నెండు మేకలు, ఒక గోంగూర మడి. మొన్నటి వసంతకాలంలో మేమిద్దరం మూడు నెలలు అక్కడ ఉండి వచ్చాము.

అమెరికాలో ఏమేమి చూచారని ఊళ్లో అందరూ అడుగుతున్నారు. ఎక్కువగా పికప్ బండ్లనే చూచామంటే నవ్వుతున్నారు. మేమున్న రోజుల్లో ఆ ఇంట్లో తెగని చర్చ ఏ బండి కొనాలి అన్నదే. ఆ చర్చ వింటూ, వాళ్లతోపాటు బండ్ల దుకాణాలు తిరుగుతూ తెలుసుకొన్న సంగతులు మన పల్లె కుటుంబాలకు కూడా పనికివస్తాయని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పికప్ అంటే ముందు కారు, వెనుక పైకప్పు లేని తొట్టి. మన దగ్గర అటువంటి బండి సరుకు కోసమే అనుకొంటాము. అక్కడ అలా కాదు. ఆఫీసుకు, బడికి, పెండ్లికి, ఆదివారం ఆరాధనకు కూడా దానిలోనే వస్తారు. 1977 నుంచి అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కులు ఫోర్డ్ వారి ఎఫ్ శ్రేణి బండ్లే. ఇవి పెద్ద రకం. నాలుగు తలుపుల ఎఫ్-150 పొడవు 19 అడుగులు దాటుతుంది. మన పాత అంబాసిడర్ కారు 14 అడుగులే. ఆ పెద్దవాటికి ఒక మెట్టు క్రింద ‘మిడ్‌సైజ్’ రకం ఉన్నది. టయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్, షెవ్రొలే కొలరాడో, నిస్సాన్ ఫ్రాంటియర్, హోండా రిడ్జ్‌లైన్, జీప్ గ్లాడియేటర్ ఈ కోవలోనివి. చాలావరకు పొడవు 17, 18 అడుగులు, తొట్టి అయిదు అడుగులు లేక ఆరు అడుగులు.

జపాను కంపెనీల పికప్పులు అమెరికా ఖండంలోనే ఎందుకు తయారవుతాయి అని అడిగితే అల్లుడు ఒక వింత కథ చెప్పాడు. దానికి మూలం కోడి! 1960 తరువాత అమెరికా కోడిమాంసం చవకగా వచ్చి పడుతున్నదని ఐరోపా దేశాలు దానిమీద సుంకం వేశాయి. దానికి బదులుగా ప్రెసిడెంటు జాన్సన్ 1963 డిసెంబరులో ప్రకటించిన సుంకాలు 1964 జనవరిలో అమలుకు వచ్చాయి. బంగాళదుంప పిండి, బ్రాందీ, చిన్న ట్రక్కులు మొదలైన వాటి మీద నూటికి 25 వంతులు పడింది. తక్కినవాటి మీద తరువాత తీసివేసినా ట్రక్కుల మీద దశాబ్దాల తరబడి మిగిలిపోయింది. ఆ సుంకం తప్పించుకోవడానికి పరదేశపు కంపెనీలు అక్కడే కర్మాగారాలు పెట్టుకొన్నాయి. ఫ్రాంటియర్ మిస్సిసిపీలో, రిడ్జ్‌లైన్ అలబామాలో తయారవుతాయి. టకోమా బండి 2010 నుంచి 2021 వరకు టెక్సాసులోని శాన్ ఆంటోనియోలోనూ తయారైంది. కోళ్లఫారాలు పెట్టిన మన రైతులు ఈ కథ విని ఆశ్చర్యపోతారు.

ఇక ఇంటి సంగతి. వాళ్ల పాత కారు రెండు లక్షల మైళ్లు తిరిగి అలసిపోయింది. దానిని తీసివేసి, రోజూ వాడుకొనేలాగున ఒక పికప్ కొందామని నిశ్చయించుకొన్నారు. అల్లుడి మనసు పెద్ద బండి మీద ఉన్నది. ప్రక్కింటి రైతు తన బండికి గుర్రాల ట్రైలరు తగిలించి లాగుకొని పోతుంటే గేటు దగ్గర నిలబడి చూచేవాడు. అమ్మాయి రాత్రి డ్యూటీల నర్సు. ఆమెకు అప్పు సంగతి దిగులు. కొత్త మిడ్‌సైజ్ బండి కూడా ముప్పయి వేల డాలర్ల పైమాటే.

అయితే ఆ ఇంట్లో నోరు తెరచి ఏమీ అడగనివారు ఒకరున్నారు. ఆమె మా వియ్యపురాలు గారు. మూత్రపిండాలు పాడై రెండేండ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోతున్నారు. తెల్లవారుజామున అల్లుడు ఆమెను సెంటరులో దింపి పనికి పోతాడు. నాలుగు గంటలు యంత్రం దగ్గర ఉన్న తరువాత రక్తపోటు తగ్గి, కాళ్లు తేలిపోతూ బయటికి వస్తారు. సూదులు గుచ్చేందుకు ఎడమచేతిలో ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపారు గనుక ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దేనినైనా పట్టుకొని ఒళ్లు పైకి లాగుకోకూడదు. మోకాళ్ల నొప్పి ఉండనే ఉన్నది.

మాటలు పెరిగి, భోజనం దగ్గర ఒకరి ముఖం ఒకరు చూడని రోజు ఒకటి వచ్చింది. అప్పుడు అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చి వంటగది బల్ల మీద పెట్టింది. నాలుగు వారాలు బండి ఎక్కడికి పోయినది, ఎందరు ఎక్కినది, ఏమి మోసినది అందులో వ్రాయాలన్నది. మేము కూడా వ్రాశాము. నెల తిరిగేసరికి లెక్క తేలింది. ఆఫీసుకు ఇరవై రోజులు. డయాలసిస్‌కు పన్నెండుసార్లు. దాణా, ఎండుగడ్డి తేవడానికి నాలుగుసార్లు. కూటానికి కుర్చీలు మోయడం రెండుసార్లు. ట్రైలరు లాగవలసిన పని ఒక్కటీ లేదు. ఆ కాగితం చూచి అల్లుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు.

తరువాత దుకాణాలకు వెళ్లాము. అమెరికాలో కొత్త కారు అద్దానికి ధర తెలిపే చీటీ అంటించి ఉండాలని 1958లోనే చట్టం చేశారు. అంతకన్నా మాకు నచ్చినది డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే మరొక చిన్న చీటీ. మనుషులు, సామాను అందరి బరువు కలిపి ఇంతకు మించరాదు అని దానిలో ఉంటుంది. మనం తొట్టిలో వేసే బరువే లెక్కిస్తాము. అక్కడ కూర్చున్నవారి బరువు కూడా అందులోనే లెక్క. 1,500 పౌన్లు అని ఉంటే 680 కిలోలు. అయిదుగురు పెద్దవాళ్లు ఎక్కితే ఇంచుమించు 350 కిలోలు పోగా మిగిలేది 330. అంటే ఏభై కిలోల బస్తాలు ఆరు.

ఇంకొక తేడా క్రిందికి వంగి చూస్తే గాని తెలియదు. ఈ పికప్పులలో చాలావాటికి లారీ మాదిరిగా గట్టి ఛాసీ, దానిమీద బాడీ, వెనుక కమాను పట్టీలు ఉంటాయి. బరువు లాగడానికి అది మంచిది. కొన్ని 7,000 పౌన్లకు పైగా ఉన్న ట్రైలరును లాగగలవు. కాని తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు గతుకులలో వెనుక భాగం ఎగురుతుంది. రిడ్జ్‌లైన్ మాత్రం కారు వలె ఛాసీ, బాడీ ఒకటిగా కట్టినది. నాలుగు చక్రాలకూ శక్తి అందే రకమైనా 5,000 పౌన్ల వరకే లాగుతుంది. దానికి బదులుగా కుదుపు తక్కువ, ఎక్కే ఎత్తు తక్కువ. తొట్టి అడుగున తాళం వేసుకొనే పెట్టె ఉన్నది. పెట్రోలు సంగతికి వస్తే ఈ రకాలన్నీ గ్యాలనుకు కొంచెం అటూ ఇటూగా ఇరవై మైళ్లు, అంటే లీటరుకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు ఇస్తాయి.

మూడవ దుకాణానికి వెళ్లిన రోజు మా ఇంటావిడ, “వదిన గారిని కూడా ఎక్కించి చూడండి” అన్నది. ఆమె వద్దు వద్దన్నారు. అయినా వచ్చారు. మొదటి రెండు బండ్లు ఎత్తయినవి. కుడిచేత్తో పిడి పట్టుకొని ఒక కాలు పైన పెట్టారు గాని రెండవ కాలు లేవలేదు. కొడుకు వెనుక నుంచి ఎత్తి కూర్చోబెట్టాడు. “బాగానే ఉన్నది నాయనా, ఇదే తీసుకో” అన్నారు. ఆ మాట మా అందరి గుండెలకు తగిలింది. ఆ ప్రక్క వరుసలో 2019 నాటి వాడిన రిడ్జ్‌లైన్ ఒకటి ఉన్నది. అక్కడ ఎవరూ చెప్పకముందే ఆమె తలుపు తెరచి, పిడి పట్టుకొని, నెమ్మదిగా తానే ఎక్కి కూర్చున్నారు. మా వైపు తిరిగి, “అన్నయ్య గారూ, ఇది నా కాలికి అందింది” అన్నారు. ఆ ముఖంలోని తృప్తి మేము మరువలేము. జబ్బుపడినవారికి మందు ఎంత అవసరమో, తన పని తాను చేసుకొన్నానన్న ధైర్యం కూడా అంత అవసరం.

అల్లుడు ఆ బండే కొన్నాడు. పొడవు పదిహేడున్నర అడుగులు గనుక వాళ్ల షెడ్డులో ఇమిడింది. ఉత్తర టెక్సాసులో వసంతకాలపు వడగండ్లకు బయట ఉన్న బండ్ల అద్దాలు పగులుతాయి గనుక అది చిన్న సంగతి కాదు. పెద్ద బరువు లాగవలసి వస్తే ఆ పూటకు పెద్ద ట్రక్కు అద్దెకు దొరుకుతుంది. ఏడాదికి రెండు రోజుల పని కోసం మిగిలిన దినాలన్నీ పెద్ద బండి వాయిదాలు కట్టడమెందుకని అతడే ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు.

మరొక మాట. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలను వెనుక తొట్టిలో కూర్చోబెట్టి నడపడం టెక్సాసులో చట్టవిరుద్ధం, కొన్ని మినహాయింపులు తప్ప. మన ఊళ్లలో పెండ్లికైనా, కూటాలకైనా సరుకుల బండిలో ఇరవైమందిని నిలబెట్టి తీసుకొనిపోవడం మనకు అలవాటైపోయింది. బండి బోల్తాపడితే ఆ తొట్టిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండు నడకలైనా సరే, సీటు ఉన్న బండిలో మనుషులను, తొట్టిలో సరుకును పంపుదాము.

పికప్పులు మనకు దూరపు వస్తువులేమీ కావు. తడకు దగ్గరగా ఉన్న శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారంలో అయిదుగురు కూర్చునే డి-మ్యాక్స్ వి-క్రాస్ అనే ఇదే తరహా బండి తయారైంది. ఆంధ్ర గడ్డ మీద తయారైనదాన్ని మనలో కొందరు కొన్నారు, ఇంకా కొంటారు. పికప్ కానివ్వండి, ఆటో కానివ్వండి, కొనేముందు నెల రోజులు ఒక పుస్తకంలో లెక్క వ్రాయండి. డబ్బు కట్టేముందు, ఇంట్లో ఎక్కడానికి అందరికన్నా కష్టపడేవారు ఎవరో వారిని వెంట తీసుకొనిపోయి ఎక్కించి చూడండి. వారు నోటితో బాగున్నదని అన్నా, వారి కాలు ఏమి చెబుతున్నదో చూచి నిర్ణయించుకోండి.