కోడిపిల్ల కన్ను

మా నాగోలులో మేడలు పెరిగినవి, మెట్రో రైలు వచ్చినది. అయినను మా వీధి చివరి యవ్వ కోళ్లను పెంచుట మానలేదు. మొన్నటి మాఘమాసమున నామె తన పెట్టను పదునొకండు గుడ్లపై పొదుగబెట్టెను. పదవనాడో పదునొకండవనాడో పిల్లి యొకటి గంపను త్రోసి యొక గుడ్డు పగులగొట్టెను. అవ్వ దానిని పారవేయబోవుచుండగా, మా బడిలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు చేటలో పెట్టుకొని నా యొద్దకు పరుగున వచ్చెను. నేను సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పువాడను. జంతుశాస్త్రము నా పాలు కాదు. పైగా గుడ్డు ముట్టని యింట పుట్టినవాడను. కాని బాలుని ప్రశ్న యుపాధ్యాయుని కులమడుగదు గదా. చూచితిని. పిల్లలో సగము తల, తలలో సగము కన్ను. అంత చిన్న దేహమున నంత పెద్ద నల్లని కన్ను!

"సార్, ఇది చూస్తదా?" అని బాలుడడిగెను.

చూడదని చెప్పితిని గాని, ఎందుచేత చూడదో చెప్పలేకపోతిని. ఆ నెలయంతయు రాత్రులు చదివి తెలిసికొన్నది చదువరులకు విన్నవించుచున్నాను.

కంటి ముందర గడియారపు అద్దమువలె నొక పొర కలదు. మన పాఠ్యపుస్తకములు కొన్ని దీనిని శుక్లపటలమనుచున్నవి. శుక్లమన తెల్లనిది. ఈ పొర తెల్లబడుట రోగము. తేటగా నుండుటయే దాని స్వభావము. సుశ్రుతుడు శుక్లమండలమన్నది కంటి తెల్లగ్రుడ్డును. పేరు పెట్టినవారు ఒక్క నిమిషము నిలిచి యోచించియుండిన బాగుండెడిది. నేను స్వచ్ఛపటలమనియే వ్రాసెదను.

ఈ స్వచ్ఛపటలము దేనితో చేయబడినదో తెలిసినప్పుడు నాకు కలిగిన యాశ్చర్యము చెప్పనలవి కాదు. మడమవెనుక గట్టి తాడువలె తగులు స్నాయువు, చెప్పుకు వాడు తోలు, వడ్రంగి కాచి పూయు సరేసు, వీనికి మూలమైన కొల్లాజెన్ అను మాంసకృత్తియే దీనికిని మూలము. గ్రీకు భాషలో 'కొల్ల' యన జిగురు. ఈ కొల్లాజెన్ అణువు మూడు పేటల జడవలె నల్లుకొన్నదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ కర్తా తెలిపిరి. ఆ పరిశోధనకు వలసిన కంగారు తోకలోని స్నాయువు పొరుగుననే యున్న కేంద్ర చర్మపరిశోధన సంస్థనుండి వచ్చినది. ఆ సంస్థకే తరువాత మన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ యధిపతి యయ్యెను. తోళ్ల పనిని అంటరానిదిగా చూచిన దేశమున కంటి వెలుగు రహస్యములో నొక భాగము తోళ్ల సంస్థ గడప దాటి వచ్చుట నాకు మిక్కిలి తృప్తినిచ్చిన విషయము.

ఇక ప్రశ్న యిది. స్నాయువు తెల్లగా, ముద్దగా నుండగా, అదే పదార్థము కంటిముందర గాలివలె నెట్లు తేటపడినది? దీనికి సమాధానము కోడిగుడ్డులోనే దొరకినది.

పొదిగిన మూడవ దినము మొదలుకొని, కంటిముందరి పలుచని పైపొర తన క్రిందికి కొల్లాజెన్ పోగులను స్రవింపజేయును. అప్పటికి లోపల నేతగాడెవ్వడును లేడు. పైపొరయే యీ పనిని చేయుచున్నదని ఎలిజబెత్ హే యను అమెరికా విదుషి 1970 తరువాతి యేండ్లలో చూపినది. ఒక వరుసలోని పోగులన్నియు నొకే దిక్కునకు పరుండును. ప్రక్క వరుసలోనివి వానికి అడ్డముగా పరుండును. పోచంపల్లి మగ్గముపై పడుగు పేకలను తలచుకొనుడు. కాని యిక్కడ నూలు నూలులో దూరదు, ఒకదానిపై నొకటి పరచుకొనును. అంతేకాదు, పైనుండి లోనికి పోవుకొలది ప్రతి జత కొంచెము కొంచెముగా తిరుగుచు, అడుగునకు చేరునప్పటికి సగము చుట్టు దాటును. కుడికన్నునందు ఏ వైపునకు తిరుగునో ఎడమకన్నునందును ఆ వైపునకే తిరుగునని రాబర్ట్ ట్రెల్‌స్టాడ్, అతని సహచరుడు 1971లో వ్రాసిరి. మన కుడిచేయి ఎడమచేతికి అద్దములోని నీడ. కోడిపిల్ల కన్నులు రెండును అట్లు గాక ప్రదక్షిణమే చేయుచున్నవి! మనుష్యుని కంట ఈ మెలిక యింత స్పష్టముగా కానరాదు.

ఐదారు దినములకు ఆ పొర నీరు పీల్చి యుబ్బును. అప్పుడు అంచులనుండి కణములు గుంపులుగా లోనికి దూరి, ముందే పరచియున్న పోగులు చూపిన బాట పట్టి, ఆ క్రమముననే దళసరి బట్టను నేయును. పదవ దినము దాటిన పిమ్మట నీరు పిండబడి పొర బిగియును. థైరాయిడ్ గ్రంథి రసము దీనిని త్వరపెట్టును. పందొమ్మిదవ నాటికి తేటపడును. ఇరువదియొకటవనాడు పెంకు పగులును. బాలుడు తెచ్చిన పిల్ల యీ దారి నడుమనే ఆగిపోయినది.

తేటకు కారణము పదార్థము కాదు, పొందిక. ఈ పోగులు మిల్లీమీటరులో 40,000వ వంతు మందమున, అన్నియు నొకే లావున, సమదూరమున నిలిచియుండును. ఒక్కొక్క పోగు కొంత వెలుతురును చెదరగొట్టును గాని, ప్రక్కలకు చెదరిన అలలు ఒకదానినొకటి చంపుకొనును; ముందుకు పోవునది మాత్రము నిలుచును. ఈ మాటను 1957లో డేవిడ్ మారిస్ గణితముచే వివరించెను. పొందిక చెడినచో అదే పోగు తెల్లబడును.

ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా అమ్మకు ఎడమకంట పువ్వు కలదు. చిన్ననాట అమ్మవారు పోసినప్పుడు మిగిలినదది. పుండు మానుచు దేహము హడావుడిగా నేసిన అతుకే ఆ పువ్వు; పోగులవే, వరుస లేదు.

మా నాన్నగారు పోయి ఆరేండ్లయినది. కన్నులను మరణించిన ఆరు గంటలలోపల తీయవలెనని నాకు తెలియును. బడిలో నేత్రదానముపై వక్తృత్వపు పోటీ పెట్టినవాడను నేనే. అయినను మా పెద్దనాన్నగారు "కండ్లిచ్చినోడు వచ్చే జన్మల గుడ్డోడై పుడతడు" అనగా నేను మారు పలుకలేదు. కన్నప్ప కన్ను పెరికి లింగమునకు పెట్టిన కథ విని కన్నీరు కార్చు కుటుంబమే మాది. రెండు తేటపొరలు మూసీ యొడ్డున కాలిపోయినవి. అవి మా అమ్మకే వచ్చియుండునని కాదు. వరుసలో ఎవ్వరికో వచ్చియుండును.

మా నాగోలులో మెట్రో యెక్కినచో కొద్ది స్టేషన్ల దూరముననే సి.సి.ఎం.బి. కలదు. ఆ సంస్థయు, ఎల్వీ ప్రసాద్ నేత్రసంస్థయు, హైదరాబాదు ఐ.ఐ.టి.యు కలిసి 2022లో ముద్రణయంత్రముతో స్వచ్ఛపటలమును చేసి కుందేలు కంట నమర్చిరి. దానికిని ముడిసరుకు మనుష్యుల కంటినుండి తీసినదే.

మిగిలిన గుడ్లలో తొమ్మిది పిల్లలైనవి. అమ్మ అరుగుపై కూర్చుండి వానికి నూకలు చల్లుచుండగా ఈ వ్యాసమును చదివి వినిపించితిని. కొంతసేపు పలుకలేదు. పిమ్మట "మీ నాయిన కండ్లు పోయేదాక మంచిగనే ఉండె గద బిడ్డా. నువ్వప్పుడెందుకు చెప్పలే?" అనినది.

నేను తల వంచుకొంటిని.

మరునాడు ఉదయము నేత్రనిధి టెలిఫోను సంఖ్యను గోడమీది క్యాలెండరుపై వ్రాయుమని నన్ను పిలిచినది. వ్రాసితిని. దగ్గరకు వచ్చి కుడికంటితో చూచి, "ఇంకా పెద్దగ రాయి, నేను పోయిననాడు మీకు కండ్ల నీళ్లల్ల కనపడద్దా?" అనినది.