ముఖం తిప్పుకొన్న పిల్లవాడు

భీమవరంలో వైద్యవృత్తిలో ఉన్న రోజులలో ఒక యువతి తన మూడేళ్ళ కుమారుని నా వద్దకు తీసుకొని వచ్చింది. కువైట్‌లో రెండేళ్ళు ఇంటిపని చేసి అప్పుడే తిరిగి వచ్చింది. పిల్లవాడు ఆమె వైపు చూడక, అమ్మమ్మ కొంగు వెనుక దాక్కొన్నాడు.

“వీడు నన్ను మరచిపోయాడు, డాక్టరుగారూ” అని ఆమె కన్నీరు పెట్టుకొంది.

“పసివాణ్ణి వదలి వెళ్తే అంతే కదమ్మా” అన్నాను. బలానికి ఒక సిరప్ వ్రాసి పంపించాను.

మేరీ ఐన్స్‌వర్త్ (1913 – 1999) కృషిని గురించి నేను చదివినది పదవీ విరమణ తరువాతనే. ఆమె అమెరికాలో పుట్టి, కెనడాలో పెరిగి, 1939లో టొరాంటో విశ్వవిద్యాలయం నుండి మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1950లో లండన్‌లో పత్రికా ప్రకటన చూసి జాన్ బౌల్బీ పరిశోధక బృందంలో చేరారు. తల్లికి దూరమైన పసిపిల్లల స్థితి ఆ బృందపు అధ్యయన విషయం.

1954లో భర్త ఉద్యోగరీత్యా ఉగాండా వెళ్ళవలసి వచ్చింది. కంపాలా పరిసర గ్రామాలలో 26 కుటుంబాల ఇండ్లకు దుబాసీతో వెళ్ళి, గంటల తరబడి కూర్చొని తల్లీబిడ్డలను గమనించారు. పాలిస్తుంది కనుకనే బిడ్డ తల్లిని అంటిపెట్టుకొంటుందని ఆనాటి పండితులలో పెక్కుమంది నమ్మేవారు. ఆమెకు కనిపించినది వేరు. బిడ్డ తల్లి నుండి దూరంగా ప్రాకి, వెనుదిరిగి చూసుకొని, బెదిరితే తల్లి వద్దకు వచ్చి చేరేది. ఇంటిలోని ఇతరులపై కూడా మమకారం పెంచుకొనేది.

తరువాత జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉండగా, ఏడాది నిండిన బిడ్డను తల్లితో ఒక కొత్త గదిలో ఉంచి, తల్లి కొద్ది నిమిషాలు బయటకు వెళ్ళి తిరిగి వచ్చే పరీక్షను రూపొందించారు. ఇరవై నిమిషాల ఆ పరీక్షకే లోకంలో పేరు వచ్చింది; దానికి ముందు ఒక్కొక్క ఇంటిలో గడిపిన సుమారు 72 గంటలను తలచుకొనేవారు తక్కువ! బిడ్డ ఎంత ఏడ్చిందన్న దానికంటె, తల్లి తిరిగి వచ్చినపుడు ఏమి చేసిందన్నదే ఆమెకు ముఖ్యం. కొందరు చేతులు చాచి, ఎత్తుకోగానే కుదుటపడ్డారు. కొందరు తల్లిని చూడనట్లే బొమ్మల వైపు తిరిగారు. అటువంటి పిల్లల గుండె వేగం కూడా హెచ్చుతుందని తరువాతి పరిశోధకులు గమనించారు.

రెండేళ్ళ ఎడబాటుకు ఆ పరీక్షను నేరుగా అన్వయించలేము. కాని ముఖం తిప్పుకోవడం మరపు కాదని ఆ తల్లికి చెప్పి ఉండవలసింది. కొంగు విడిపించి లాక్కోవద్దని, అమ్మమ్మ ప్రక్కనే కూర్చొని, వాడంతట వాడు వచ్చేవరకు వేచి ఉండమని, అందుకు వారాలు పట్టవచ్చునని చెప్పి ఉండవలసింది.

మరుసటి ఏడు జ్వరమని పిల్లవాణ్ణి తీసుకొని వచ్చినది అమ్మమ్మ ఒక్కతే. కూతురు మరల కువైట్ వెళ్ళిపోయిందట.