నలభై గంటల లెక్క

వారానికి 40 గంటలు. పిల్లాడికి ఆటిజం అని తేలాక అమెరికాలో బిహేవియరల్ థెరపీ క్లినిక్‌లకు ఫోన్ చేసే తెలుగు తల్లిదండ్రులు తరచూ మొదట వినేది ఈ అంకే, కాకుంటే కాస్త అటూ ఇటూ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న నిజామాబాద్ దంపతులకూ అదే చెప్పారు. అతనిది కంఠేశ్వర్, నీలకంఠేశ్వరుడి గుడికి దగ్గర్లో ఇల్లు. ఆమెది బోధన్. ఆమె తండ్రి శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌లో, 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి తాళం పడేదాకా పనిచేశాడు. కూతురు వీడియో కాల్‌లో థెరపీ సంగతి చెప్పగానే ఆయన లెక్క కట్టేశాడు. "అంటే రోజుకు ఎనిమిది గంటలా? ఫ్యాక్టరీల షిఫ్టు గూడ గంతే గద బిడ్డా! మూడేండ్ల పోరడు ఎట్ల జేస్తడు?"

క్లినిక్ వాళ్లను అడిగితే "రీసెర్చ్ అలా చెబుతోంది" అన్నారు. ఏ రీసెర్చో చూద్దామని ఆమె కూర్చుంది.

ఆ అంకె పుట్టింది లాస్ ఏంజిలిస్‌లో. యూసీఎల్‌ఏ ప్రొఫెసర్ ఇవార్ లోవాస్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటలకు పైగా, రెండేళ్లకు తగ్గకుండా శిక్షణ ఇచ్చారు. వాళ్లలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి గట్టెక్కారని, వాళ్ల ఐక్యూ కూడా మామూలు స్థాయికి చేరిందని రాశారు. ఏబీఏ అని అందరూ పిలిచే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్‌కు అంత గిరాకీ రావడానికి ఆ ఫలితమే పెద్ద కారణం. అయితే ఎవరికి 40 గంటలు, ఎవరికి తక్కువ అన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు. మాట వినకపోతే గట్టిగా "నో" అనడం, తొడమీద చరచడం కూడా అప్పటి శిక్షణలో భాగమే.

తర్వాత వచ్చిన పరిశోధనలు అంత ధీమాగా మాట్లాడవు. 2021లో శాలీ రోజర్స్ బృందం 87 మంది పసివాళ్లను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి వారానికి 15 గంటలు, కొందరికి 25 గంటలు థెరపీ ఇచ్చింది. మొత్తం మీద చూస్తే గంటల వల్ల తేడా కనబడలేదు. 2024లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో 144 అధ్యయనాలను, 9,000 పైచిలుకు పిల్లల వివరాలను కలిపి పరిశీలించారు. గంటలు పెంచితే ఫలితం పెరుగుతుందనడానికి వాళ్లకూ గట్టి ఆధారం దొరకలేదు. తలను గోడకేసి కొట్టుకునే పిల్లాడికో, తలుపు తీస్తే రోడ్డు మీదికి ఉరికే పిల్లాడికో ఎక్కువ సాయం అవసరం కావచ్చు. అది పిల్లాణ్ని చూశాక తేల్చాల్సిన మాట, ఫోన్ ఎత్తగానే చెప్పేది కాదు.

అందుకే ఆ దంపతులు గంటల సంగతి పక్కనబెట్టి క్లినిక్ గదుల్లోకి తొంగిచూడటం మొదలుపెట్టారు.

ఒక క్లినిక్‌లో రిసెప్షన్ స్టార్ హోటల్‌లా ఉంది. లోపల ఒక పాప చిన్న బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా ఉన్న అమ్మాయి కార్డు చూపిస్తోంది, పాప తాకితే ఒక చాక్లెట్ గోళీ పెట్టి ట్యాబ్లెట్‌లో నొక్కుతోంది. పాప చేతులు ఆడించినప్పుడల్లా వాటిని పట్టి బల్ల మీద ఆనిస్తోంది. చేతులు ఆడిస్తే ఎవరికి నష్టమని పిల్లాడి తల్లి అడిగితే, "చదువుకు అడ్డం" అని జవాబొచ్చింది. థెరపీ జరిగేటప్పుడు తల్లిదండ్రులు లోపల కూర్చోవడం కూడా కుదరదన్నారు. చిన్నప్పుడు ఏబీఏలో గడిపి పెద్దయిన ఆటిస్టిక్ వ్యక్తులు ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఇలాంటి వాటి గురించే. తమను మామూలుగా కనబడేలా దిద్దడానికి తమ సౌకర్యాన్ని బలిపెట్టారని వాళ్ల ఆరోపణ.

ఇంకోచోట ఇరుకు గది, పాత తివాచీ. బాబు బొమ్మ రైళ్లను వరసగా పేర్చుకుంటుంటే థెరపిస్టు పక్కనే నేల మీద కూర్చుని ఒక్కో పెట్టె అందిస్తోంది. కాసేపటికి సబ్బు బుడగల సీసా తీసి, ఒకసారి ఊది, మూత బిగించి ఊరుకుంది. బాబు చూశాడు. లేచి వచ్చి ఆమె వేలు పట్టి సీసా మీద పెట్టాడు. "ఊదాలా? ఊదుతా" అంటూ ఆమె మళ్లీ ఊదింది. అడగడం నేర్పడమంటే ఏమిటో ఆ తల్లికి అక్కడ అర్థమైంది.

పిల్లాడితో గంటలకొద్దీ గడిపేది ఎవరన్నది తర్వాతి ప్రశ్న. బోర్డు మీద పేరుండే నిపుణుడు బీసీబీఏ, అంటే మాస్టర్స్ చదివి పరీక్ష రాసినవాడు. పిల్లాడి ఎదురుగా కూర్చునేది మాత్రం ఎక్కువగా ఆర్‌బీటీ, అంటే రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్. 2014లో వచ్చిన ఈ అర్హతకు 18 ఏళ్లు నిండి, హైస్కూలు పూర్తిచేసి, 40 గంటల శిక్షణ పొంది, పరీక్షలు నెగ్గితే సరిపోతుంది. వాళ్లలో ఓపిక, చేయి తిరిగినతనం ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. కానీ వాళ్ల పనిని నెలలో కనీసం 5 శాతం గంటలు పైవాళ్లు పర్యవేక్షిస్తే నిబంధన తీరిపోతుంది. వారానికి 20 గంటల థెరపీలో అది ఒక్క గంట.

ఆ గంటైనా దక్కుతోందా అన్నది ఇన్సూరెన్స్ కాగితంలో తెలుస్తుంది. ఏబీఏ బిల్లులు 15 నిమిషాల చొప్పున, కోడ్‌ల వారీగా పడతాయి. మొదటి అంచనాకు 97151, ఆర్‌బీటీ చేసే థెరపీకి 97153, బీసీబీఏ స్వయంగా చూసి పద్ధతి మార్చినందుకు 97155, తల్లిదండ్రులకు నేర్పినందుకు 97156. ఒక స్నేహితురాలు తన కొడుకు కాగితాలు చూపించింది. పేజీల నిండా 97153లే. 97155 అక్కడొకటి ఇక్కడొకటి. 97156 వెతికినా లేదు. బిల్లుల్లో తేడాలు ఒకరిద్దరికే పరిమితం కాదు. ఇండియానాలో 2019, 2020 సంవత్సరాల్లో ప్రభుత్వ బీమా మెడికెయిడ్ చేసిన ఏబీఏ చెల్లింపులను ఫెడరల్ ఆడిటర్లు తనిఖీ చేసి, కనీసం 5.6 కోట్ల డాలర్లు నిబంధనలకు విరుద్ధంగా వెళ్లాయని 2024 డిసెంబర్‌లో తేల్చారు.

ఇన్సూరెన్స్‌లో ఇంకో మెలిక ఉంది. 2019 నాటికి 50 రాష్ట్రాలూ ఆటిజం థెరపీకి కవరేజీ ఇవ్వాలన్న నిబంధనలు తెచ్చాయి. కానీ పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే ప్లాన్‌లకు రాష్ట్ర చట్టాలు వర్తించవు. మనవాళ్లలో చాలామంది ఐటీ ఉద్యోగులు ఉండేది అలాంటి ప్లాన్‌లలోనే. ఉద్యోగం మారేముందు జీతంతోపాటు ఈ ముక్క కూడా హెచ్‌ఆర్‌ను అడగాలి.

పెద్ద పేరుంటే భరోసా అనుకోవడానికీ లేదు. కార్డ్ అనే దేశవ్యాప్త ఆటిజం క్లినిక్‌ల గొలుసును 2018లో పెట్టుబడుల సంస్థ బ్లాక్‌స్టోన్ కొన్నది. 2023 జూన్‌లో కార్డ్ దివాలా పిటిషన్ వేసింది. అప్పటికే కొన్ని రాష్ట్రాల్లో కేంద్రాలు మూసేసింది. అలవాటైన మనిషి, అలవాటైన గది ఉన్నట్టుండి పోతే ఇలాంటి పిల్లలకు ఎంత కష్టమో పెంచేవాళ్లకే తెలుసు.

కంఠేశ్వర్‌లో నానమ్మ వాదన వేరు. "వాళ్ల నాయిన గూడ నాలుగేండ్లకు గాని నోరు తెరువలే. ఈడికి తోలుకరండి, మేం జూసుకుంటం." ఆమె మాటను వాళ్లు కొట్టిపారేయలేదు, ఆరు నెలలు అక్కడుంటే ఎలా ఉంటుందో విచారించారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ప్రైవేటు సెంటర్లకు కొదవ లేదు. అక్కడ గోడమీది అమెరికా సర్టిఫికెట్ చూసి మురిసిపోకుండా, మనిషికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. బీసీబీఏ, ఆర్‌బీటీ సర్టిఫికెట్లు ఇచ్చే అమెరికా బోర్డు 2023 జనవరి నుంచి భారత్‌లో ఉండేవారికి కొత్తగా సర్టిఫికెట్లు ఇవ్వడం మానేసింది. "నయం చేస్తాం" అంటూ మూలకణాల చికిత్స అంటగట్టేవాళ్లుంటే లేచి వచ్చేయడమే మేలు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

మరి ఇంటివాళ్ల పాత్ర? గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో జరిగిన 'పాస్' అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. అందులో తల్లిదండ్రులకు నేర్పింది నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రులు పిల్లలకు స్పందించే తీరు మెరుగైంది, పిల్లలు తామై పలకరించడమూ పెరిగింది.

చివరికి ఆ ఇరుకు గది క్లినిక్కే ఖాయమైంది. వారానికి 15 గంటలు, మూడు నెలలకోసారి సమీక్ష, తల్లి ఎప్పుడైనా లోపలికి వచ్చి కూర్చోవచ్చు. ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడమని ఒత్తిడి చేయకపోవడం ఆమెకు మరీ నచ్చింది. రెండు భాషల వల్ల ఆటిస్టిక్ పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యమవుతాయనడానికి ఆధారాల్లేవని బీసీబీఏయే చెప్పింది. ఖాళీ దొరికేదాకా నెలలు ఆగాలి కాబట్టి, తల్లిదండ్రుల శిక్షణ ముందే ఆన్‌లైన్‌లో మొదలైంది. ఫ్రిస్కోలో రాత్రి ఎనిమిదిన్నరకు కాల్ కలిపితే వేసవిలో కంఠేశ్వర్‌లో పొద్దున ఏడు. నానమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది. మొదటి రోజే అడిగింది: "బువ్వ తినెటప్పుడు ఫోన్ జూపెట్టాల్నా, వద్దా?" కొడుకు ఇంగ్లిష్‌లోకి మార్చి అడిగాడు. ఒక్కసారిగా ఆపకండి, రోజుకు రెండు ముద్దల చొప్పున ఫోన్ లేకుండా పెంచుకుంటూ పోండి అని బీసీబీఏ చెప్పింది. రెండు ముద్దలా, నాలుగా అని అత్తాకోడళ్ల బేరం ఇంకా తెగలేదు.