సబ్బుల ఓడ మీద యుద్ధం

యుద్ధమంటే మన పల్నాటివాళ్ళకి చప్పున గుర్తొచ్చేది కారెంపూడి. కార్తీకమాసంలో అక్కడ జరిగే వీరుల ఉత్సవానికి మీరూ వెళ్ళే ఉంటారు. కత్తీ కత్తీ కలబడితేనే యుద్ధమని నేనూ అనుకునేదాన్ని. ఈమధ్య చెన్నై వెళ్ళొచ్చాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

నరసరావుపేట నుంచి మేం వెళ్ళింది మా ఆడపడుచు కూతురి పెళ్ళిసామాను కొనడానికి. ప్యారిస్ కార్నర్‌లో స్టీలుగిన్నెల బేరం ముగిశాక, "ఎదురుగానే హైకోర్టు, చూసొద్దాం పద" అన్నారు మావారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా మన పొలం తగాదాల అప్పీళ్ళు ఇక్కడికే వచ్చేవి. ఎర్రటి ఆ గుమ్మటాలు చూసుకుంటూ తూర్పువైపు ప్రహరీ దగ్గరికొస్తే, అక్కడో శిలాఫలకం! 1914 సెప్టెంబరు 22 రాత్రి 'ఎమ్డెన్' అనే జర్మన్ యుద్ధనౌక పేల్చిన గుండు దెబ్బకి గుర్తట అది.

జర్మనీ ఓడకి మన సముద్రంలో ఏం పని అంటారా? సరుకుల ఓడల్ని పట్టుకోవడమే పని! పూర్వం రాజులు సొంత ఓడలున్నవాళ్ళకి అనుమతిపత్రం రాసిచ్చి, శత్రుదేశపు వర్తకుల ఓడల్ని దోచుకోమనేవారు. దొరికినదాంట్లో వాళ్ళకీ వాటా ఉండేది. యుద్ధనౌకలూ అదే పని చేసేవి. 1804 సెప్టెంబరులో మన విశాఖపట్నం ఎదుటే ఫ్రెంచి నౌకాధిపతి లినువా, ఈస్టిండియా కంపెనీవాళ్ళ 'ప్రిన్సెస్ షార్లట్' ఓడని పట్టుకుపోయాడు. 1856లో పారిస్‌లో దేశాలు ఒప్పందం రాసుకుని ప్రైవేటు ఓడల దోపిడీ మాన్పించాయి గానీ, యుద్ధనౌకలు మాత్రం మానలేదు.

1914 సెప్టెంబరు 10న బంగాళాఖాతంలో ఎమ్డెన్‌కి చిక్కిన 'ఇండస్' ఓడలో ఏం దొరికాయో తెలుసా? సబ్బులు! జర్మన్ నావికుల దగ్గర అవి నిండుకున్న సమయమది. కావలసినవి తీసుకుని ఓడని ముంచేశారు. అయితే ముంచేముందు మనుషుల్ని దింపెయ్యడం కమాండర్ ముల్లర్ పద్ధతి. 'కబింగా' అనే ఓడలో కెప్టెన్ భార్యాబిడ్డా ఉన్నారు. దాన్ని ముంచకుండా, పట్టుబడ్డ మిగతా ఓడలవాళ్ళని అందులోకి ఎక్కించి పంపేశాడు.

మద్రాసులో మాత్రం రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి. ప్రాణాలూ పోయాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలారు. ఓడలు కొన్నాళ్ళు రేవులు దాటలేదు, సరుకుల బీమా ఖర్చు పెరిగింది. ఆ ఏడు నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక 'సిడ్నీ' ఎమ్డెన్ ఆట కట్టించింది. ఇక్కడి తమిళులు గడుసుపిండాన్ని 'ఎమ్డెన్' అనడం మాత్రం పోలేదు.

అదంతా పాత కథ అనుకోకండి. 2022లో ఉక్రెయిన్ యుద్ధమప్పుడు నల్లసముద్రం రేవుల్లో ఓడలు నిలిచిపోతే, పొద్దుతిరుగుడు నూనె ధర ఎలా ఎక్కిందో మనకి గుర్తే. నూనె తక్కువ పోసి కూరలు వండిన రోజులవి! యుద్ధం ఎక్కడో సముద్రం మీద జరిగినా, దాని లెక్క చివరికి మన వంటింట్లోనే తేలుతుంది.

ప్యారిస్ కార్నర్‌కి గిన్నెల కోసం వెళ్తే, ఆ రాయి ఎక్కడో అడిగి తెలుసుకుని ఓసారి చూసి రండి. నేనైతే ఊరొచ్చి నెలసరుకుల చీటీ రాస్తూ, 'సబ్బులు' అన్నచోట కాసేపు కలం ఆపాను.